పత్రిక డెస్క్ నుంచి యూనివర్సిటీ తరగతికి: నేను వచ్చిన దారి

డెస్క్‌లో ఉంటూనే నెట్ రాయొచ్చా, పాసైతే ఉద్యోగం వస్తుందా, జీతం ఎంత ఇస్తారు? పత్రికలో నాతో పనిచేసినవాళ్లు ఈ ఏడాది పొడుగునా అడుగుతున్న ప్రశ్నలివి. డెస్క్ అంటే విలేకరులు పంపిన వార్తలను దిద్ది పేజీల్లో పెట్టే విభాగం, నెట్ అంటే కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులు కావడానికి రాసే జాతీయ అర్హత పరీక్ష. ఫోన్‌లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను ఒక తెలుగు దినపత్రికలో 2010 నుంచి 2025 జనవరి దాకా సబ్ ఎడిటర్‌గా, ఆ తరువాత సీనియర్ సబ్ ఎడిటర్‌గా చేశాను. ఇప్పుడు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గెస్ట్ ఫ్యాకల్టీగా మీడియా చట్టాలు, ఎథిక్స్ చెబుతున్నాను. ఇంకో విశ్వవిద్యాలయంలో పార్ట్ టైమ్ పీహెచ్‌డీలో చేరాను. ఇది రాస్తున్నది 2025 నవంబరులో.

మారాలన్న ఆలోచన 2023 నవంబరులో, తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల సమయంలో వచ్చింది. జిల్లా పేజీలు నా చేతి మీదుగా వెళ్లేవి. ప్రచారం ముదిరేకొద్దీ కొన్ని ఐటమ్‌ల మీద 'యథాతథం' అని రాసి వచ్చేవి. హెడ్డింగ్ ముట్టుకోకూడదు, ఫొటో తగ్గించకూడదు అని దానర్థం. ఒక పేజీలో ఒక అభ్యర్థి గెలుపు ఖాయం, మరునాడు అదే చోట అతని ప్రత్యర్థి గెలుపు ఖాయం. ప్రకటన అన్న మాట చిన్న అక్షరాల్లో కూడా ఉండేది కాదు. అప్పుడే చేరిన ట్రైనీ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "అక్కా, ఇది వార్తా, యాడా?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. "మరి మాకు పీజీలో ఇవేవీ చెప్పలేదే" అంది. ఆ అమ్మాయి చదివిన కోర్సులో ఎథిక్స్ పేపరు ఉంది. పత్రికల తీరు మీద ఫిర్యాదులు చూసే ప్రెస్ కౌన్సిల్ చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది, కౌన్సిల్‌లో సభ్యులెందరు అన్నవి బట్టీపట్టి మంచి మార్కులతోనే పాసైంది. డెస్క్ మీద కూర్చున్నాక ఆ మార్కులు ఒక్క ఐటమ్ దగ్గర కూడా అక్కరకు రాలేదు. ఆ పేపరు నేను చెబితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆ రాత్రి మొదలై, ఇక నన్ను వదల్లేదు.

జర్నలిజంలో పీజీ, అంటే ఎం.సి.జె., నేను చాలా ఏళ్ల కిందటే దూరవిద్యలో పూర్తి చేశాను, 55 శాతం దాటింది కాబట్టి అర్హతకు అడ్డు లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను విశ్వవిద్యాలయాలకు ప్రమాణాలు నిర్ణయించే యూజీసీ 2023లో సడలించి, నెట్, రాష్ట్రస్థాయి పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి ఉంటే చాలంది. దాంతో నెట్ రాయాలనుకున్నాను. నా షిఫ్టు సాయంత్రం నాలుగు నుంచి రాత్రి ఒంటిగంట దాకా. పిల్లవాడిని బడికి పంపి, పది నుంచి ఒంటిగంట దాకా పుస్తకం పట్టుకునేదాన్ని. 2024 జనవరి నుంచి జూన్ దాకా ఇంట్లో ఆ మూడు గంటలు మా అత్తమ్మ కాపలా కాసింది. ఎవరొచ్చినా "అమ్మాయి చదువుకుంటాంది, సాయంత్రం రాండ్రి" అని గుమ్మంలోనే పంపేసేది. ఆవిడ లేకపోతే ఇది రాసే అవసరమే వచ్చేది కాదు.

నెట్‌లో మాస్ కమ్యూనికేషన్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. పద్నాలుగేళ్లు తెలుగులో పనిచేసినవాళ్లకు భాష కన్నా మొదటి పేపరు ఎక్కువ భయపెడుతుంది. గణాంకాల పట్టికలు, తర్కం, మన ప్రాచీన న్యాయదర్శనంలో జ్ఞానానికి ఆధారాలుగా చెప్పిన ప్రమాణాలు కూడా ఉంటాయి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం... విన్న వార్తను ఎంతవరకు నమ్మాలన్న చర్చ మనవాళ్లు అంత శ్రద్ధగా చేశారని నెట్ సిలబస్ చదివేదాకా నాకు పట్టలేదు.

రెండో పేపరులో నన్ను కదిలించింది డేవిడ్ మానింగ్ వైట్ అధ్యయనం. 1949లో అమెరికాలో ఒక చిన్న పత్రికలో వార్తా ఏజెన్సీల నుంచి వచ్చేవాటిని ఎంచే టెలిగ్రాఫ్ ఎడిటర్ వారం రోజులపాటు తాను పక్కన పడేసిన ప్రతి ఏజెన్సీ కాపీ (అచ్చుకు ముందు డెస్క్‌కు వచ్చే వార్త) మీద కారణం రాసిపెట్టాడు. వచ్చిన దాంట్లో పదోవంతే పేజీలోకి వెళ్లింది. మిగతా దానికి రాసిన కారణాల్లో చోటు లేదన్నవి కొన్నయితే, అతని సొంత ఇష్టాయిష్టాలు బయటపడేవి ఇంకొన్ని. అతని అసలు పేరు వెల్లడించకుండా, వార్తలకు ద్వారపాలకుడన్న అర్థంలో మిస్టర్ గేట్స్ అని పిలిచారు. నేను రోజూ చేసే పనే అది. ఒకరు దాన్ని అంత జాగ్రత్తగా గమనించి, అందులో ఎంత అధికారం దాగి ఉందో చూపిస్తే కళ్లు చెమర్చాయి. మా పనికి ఒక శాస్త్రం ఉందని ఎవరూ మాకు చెప్పలేదు.

దరఖాస్తు దగ్గర ఒక చిక్కు. ఆ ఏడాది ఫీజు జనరల్‌కు 1,150 రూపాయలు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కు 600. నా దగ్గర ఉన్న బీసీ సర్టిఫికెట్ రాష్ట్రానికి పనికొస్తుంది కానీ నెట్‌కు పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ మళ్లీ మీసేవలో పెట్టుకోవాలి. మండలాఫీసులో అది రావడానికి మూడు వారాలు పట్టింది. దరఖాస్తు గడువు మే 10 నుంచి 15కు, ఆ తరువాత 19కి పొడిగించబట్టి సరిపోయింది. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తకుండా ముందే తీసిపెట్టుకోండి.

పరీక్ష 2024 జూన్ 18న, ఓఎంఆర్ షీటు మీద రాశాను. బాగానే రాశానన్న తృప్తితో మరుసటి రోజు డ్యూటీకి వెళ్లాను. ఆ రాత్రి జిల్లా పేజీలు అచ్చుకు పంపేసి సిటీ ఎడిషన్‌కు సాయం చేస్తుండగా లీకేజీ అనుమానంతో పరీక్ష రద్దు చేస్తున్నట్టు కేంద్ర విద్యాశాఖ ప్రకటన వచ్చింది. తొమ్మిది లక్షల మందికి పైగా రాసిన పరీక్ష. తెర మీద ఆ కాపీ చూస్తూ ఒక నిమిషం చెయ్యి కదల్లేదు. ఇన్‌ఛార్జి, "ఇది నువ్వే కొట్టమ్మా, నీకు బాగా తెలుసు కదా" అన్నారు. "అన్నా, ఈ పరీక్ష నేనూ రాశాను. నేను రాస్తే నా కోపమే రాస్తాను. వేరేవాళ్లకివ్వండి, వివరాలు కావాలంటే చెబుతా" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా పక్క సీటు అబ్బాయికి ఇచ్చారు. ఇంటికెళ్లాక ఏడ్చాను. ఆరు నెలల ఉదయాలు అందులో ఉన్నాయి.

మళ్లీ పరీక్షలు ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, ఈసారి కంప్యూటర్ మీద పెట్టారు. ఆ రెండు నెలల ఎదురుచూపు మొదటి ఆరు నెలల చదువు కన్నా కష్టం. పుస్తకం తెరిస్తే తెలిసిందే కనిపిస్తుంది, మూసేస్తే మరిచిపోయినట్టనిపిస్తుంది. ఫలితాలు అక్టోబరు 17న వచ్చాయి. పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్ వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం రెండూ ఉన్న కేటగిరీలో పాసయ్యాను. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. అధ్యాపక అర్హతకు ఆ సర్టిఫికెట్ జీవితకాలం చెల్లుతుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రం ఆ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి.

నవంబరులో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం గెస్ట్ ఫ్యాకల్టీకి ప్రకటన ఇచ్చింది. డిసెంబరు రెండో వారంలో ఇంటర్వ్యూ. ముందు పది నిమిషాల డెమో, తరువాత ప్రశ్నలు. డెమోకు నేను పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలో, బాధిత బాలల వివరాలు మీడియా బయటపెట్టకూడదనే 23వ సెక్షన్ తీసుకున్నాను. బాగా జరిగింది. ఆ తరువాత ప్యానెల్లో ఒకరు "పబ్లికేషన్లు ఎన్ని?" అన్నారు. పద్నాలుగేళ్లలో నా చేతిమీదుగా ఎన్ని వేల వార్తలు వెళ్లాయో లెక్కే లేదు. వాటిలో నా పేరున్నవి ఆదివారం సంచికలో వచ్చిన కొన్ని వ్యాసాలు. ఆయన అడిగింది పరిశోధన పత్రాల గురించి. అవి సున్నా.

ఈ విషయం విడమరిచి చెబుతాను, ఎందుకంటే డెస్క్ నుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ ఇది ఎదురవుతుంది. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చడానికి యూజీసీ 2018 నిబంధనల్లో ఒక మార్కుల పట్టిక ఉంది. పీహెచ్‌డీకి 30, నెట్‌కు 5, జేఆర్‌ఎఫ్‌తో కూడిన నెట్‌కు 7, పరిశోధన పత్రానికి రెండు చొప్పున 10 దాకా, బోధన అనుభవం ఏడాదికి రెండు చొప్పున 10 దాకా. మిగతావి డిగ్రీ, పీజీ మార్కుల్లాంటి వాటికి. అందులో పత్రికలో పనిచేసిన ఏళ్లకు గడి లేదు. జర్నలిజం చెప్పే ఉద్యోగానికి కూడా లేదు. ఆ పట్టిక పిలుపు దాకానే, ఎంపిక ఇంటర్వ్యూలో జరుగుతుంది, నిజమే. కానీ పిలుపే రానివాడికి ఇంటర్వ్యూ ఎక్కడిది? యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక దారి తెరిచింది. రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే డిగ్రీలు, నెట్ లేకున్నా తీసుకోవచ్చు. అవి శాశ్వత ఉద్యోగాలు కావు, మూడేళ్లు, మహా అయితే నాలుగు. పైగా పెద్ద పేరున్నవాళ్ల కోసం పెట్టిన దారి అది. రాత్రి ఒంటిగంటకు పేజీ వదిలే సీనియర్ సబ్ ఎడిటర్ను అందులోకి ఎవరు పిలుస్తారు? ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆసుపత్రిలో రోగిని చూసినవాళ్లే వైద్యం నేర్పినట్టు, వార్తను చేత్తో పట్టుకున్నవాళ్లకు ఈ శాఖల్లో చోటుండాలి.

డిసెంబరు ఆఖర్లో ఎంపికైనట్టు మెయిల్ వచ్చింది. వారానికి పది నుంచి పన్నెండు గంటలు, గంటకు 700 రూపాయలు. అతిథి అధ్యాపకులకు ఒక్కో క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019లోనే చెప్పింది. నాకు వచ్చింది అందులో సగం కూడా కాదు. పత్రికలో చేతికొచ్చే జీతం 41 వేలు. ఇక్కడ అన్ని గంటలూ దొరికిన నెలలో 30 వేలు దాటుతుంది, సెలవులొస్తే ఏమీ ఉండదు. మావారు కాగితం మీద లెక్క వేసి, "ఏడాది నడపగలం. ఆ తరువాత చూద్దాం" అన్నారు. రాజీనామా ఇచ్చాను. నోటీసు కాలం ఒక నెల ఉన్నా, న్యూస్ ఎడిటర్ నా మీద అభిమానంతో పదిహేను రోజులకే వదిలారు. వెళ్లేటప్పుడు ఆయన, "పిల్లలకు నిజం చెప్పమ్మా, భయపెట్టి మాత్రం పంపకు" అన్నారు. ఆ మాట నా దగ్గర భద్రంగా ఉంది. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి వచ్చిన డబ్బే 2025లో మా ఇల్లు నడిపింది.

ప్రయాణం గురించి ముందు చాలా దిగులుపడ్డాను. వర్సిటీ మా ఇంటికి బస్సులో రెండున్నర గంటలు. మహాలక్ష్మి పథకం వల్ల ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఛార్జీలు పెట్టుకోవాల్సి వస్తే ఈ గంటల జీతంలో నాలుగోవంతు బస్సుకే పోయేది. వారంలో మూడు రోజులు వెళ్తాను. వెళ్లేటప్పుడు కూర్చునే చోటు దొరుకుతుంది, వచ్చేటప్పుడు దొరకదు.

తొలి క్లాసు జనవరి మూడో వారంలో. ఇరవై మంది దాకా ఉన్నారు, సగానికి పైగా పల్లెల నుంచి వచ్చినవాళ్లు. మొదటి గంటలో నా గొంతు వణికింది. డెస్క్‌లో మనం మాట్లాడం, దిద్దుతాం. గంటసేపు నిలబడి మాట్లాడటం వేరే పని, దానికి కాళ్లు కూడా అలవాటు పడాలి. రెండో వారం నుంచి పాఠం చెప్పడం తగ్గించి కాపీలు పంచడం మొదలుపెట్టాను. ఆ నెలాఖరులోనే సీబీఐ, నెట్ లీకేజీ కేసులో మూసివేత నివేదిక ఇచ్చింది. పరీక్షకు ముందే పేపరు బయటికొచ్చినట్టు చూపించిన టెలిగ్రామ్ స్క్రీన్‌షాట్ మార్చి తయారుచేసిందని తేలింది. నిజానికి అది పరీక్ష మొదలయ్యాక తీసిన ఫొటో, తేదీ మార్చి పెట్టారు. చేసింది ఒక స్కూలు విద్యార్థి. ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మరుసటి క్లాసులో దాన్నే పాఠం చేశాను. జూన్ 19న డెస్క్‌లో ఆ స్క్రీన్‌షాట్ మీ చేతికొస్తే ఏం చూస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు, హెడ్డింగ్‌లో 'లీక్' అన్న మాట వేస్తారా? రెండు గంటలు వాదించుకున్నారు. ఆ పరీక్ష రాసినదాన్ని నేనని చివర్లో చెబితే అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు.

ఎక్కువ రోజులు పట్టింది 23వ సెక్షన్. బాధితురాలి పేరు రాయకూడదని అందరికీ తెలుసు. తెలియనిది, పేరు రాయకుండానే ఎలా బయటపెడతామన్నది. డెస్క్‌లో నా దగ్గరకు వచ్చిన ఒక కాపీని, ఊళ్లూ వివరాలూ అన్నీ మార్చి, క్లాసులో పంచాను. అందులో పాప పేరు లేదు. మండలం ఉంది, గ్రామం ఉంది, తండ్రి గ్రామపంచాయతీలో ఏ పని చేస్తాడో ఉంది, పాప ఏ బడిలో ఎన్నో తరగతో ఉంది. "ఈ ఊళ్లో ఉన్నవాళ్లు ఎంతసేపట్లో కనుక్కుంటారు?" అని అడిగాను. వెనక బెంచీ అమ్మాయి, "చదవడం పూర్తయ్యేలోపే, మేడం" అంది. కుటుంబం, బడి, చుట్టుపక్కల ప్రాంతం, ఇవన్నీ ఆ సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉన్నాయి. తప్పు జరిగితే రాసినవాడితోపాటు ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులని కూడా ఉంది. పత్రికలో ఆ కాపీ వచ్చిన రాత్రి అందులోంచి నేను ఐదు ముక్కలు తీసేశాను, దాన్ని పంపిన కంట్రిబ్యూటర్ (జీతం లేని స్థానిక విలేకరి) ఫోన్ చేసి "మేడం, వార్తలో ఏం మిగిల్చారు?" అని నొచ్చుకున్నాడు. పాపను మిగిల్చాం అన్నాను. ఇవన్నీ పిల్లలకు చెప్పాక, ప్రతి ఒక్కరితో వారం పాటు జిల్లా పేజీలు చూసి అలాంటి వివరాలు గుర్తుపట్టే పని చేయించాను. తెచ్చిన కత్తిరింపులు చూస్తే నాకే నోట మాట రాలేదు.

ఆత్మహత్యల వార్తల మీద రెండు క్లాసులు తీసుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తరువాత మన దగ్గర ఏం జరిగిందో వాళ్లకు గుర్తుంది, అప్పుడు వాళ్లూ బడి పిల్లలే. ఒకబ్బాయి ఆ రెండో క్లాసు మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయాడు. తరువాత విడిగా మాట్లాడాను. ఎందుకో ఇక్కడ రాయను. ఎథిక్స్ పాఠం ఎదుటివాళ్ల జీవితంలోకి వెళ్తుందని ముందే ఊహించుకుని క్లాసుకు వెళ్లాలి. ఇప్పుడు ఆ అంశం మొదలుపెట్టేముందు రోజే చెబుతున్నాను, రావాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికి వదులుతున్నాను.

మార్చిలో పెయిడ్ న్యూస్, అంటే డబ్బు తీసుకుని వేసే వార్తల పాఠం వచ్చింది. 2009 ఎన్నికల తరువాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో ఇద్దరే సభ్యులు, పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి. డబ్బు తీసుకున్నారన్న ఆరోపణలున్న పత్రికల పేర్లతో సహా వాళ్లు రాసిన నివేదికను కౌన్సిల్ 2010లో పూర్తిగా బయటపెట్టకుండా కుదించింది. పూర్తి పాఠం అధికారికంగా 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశంతో గానీ బయటికి రాలేదు. రాసినవాళ్లలో ఒకరు తెలుగు జర్నలిస్టు అన్నది పిల్లలకు పెద్ద ఉత్సాహం. చర్చ మంచి ఊపులో ఉండగా ముందు వరుసలో కూర్చునే కుర్రాడు లేచాడు. "మేడం, మా నాన్న మండల కంట్రిబ్యూటర్. వార్తకు వచ్చే డబ్బులు పెట్రోలుకు కూడా చాలవు. ఆగస్టు పదిహేనుకు, ఉగాదికి, ఎమ్మెల్యే పుట్టినరోజుకు యాడ్ టార్గెట్ ఉంటుంది. కమీషన్ మీదే ఇల్లు గడుస్తుంది. పొద్దున యాడ్ అడిగిన సర్పంచి మీద సాయంత్రం వార్త ఎట్లా రాస్తాడు? ఈ పాఠం మా నాన్నకు ఎట్లా చెప్పాలి?"

క్లాసంతా నిశ్శబ్దం. నేను ఆ రోజు సమాధానం చెప్పలేదు, వచ్చే వారం మాట్లాడదామన్నాను. ఆ వారమంతా అదే నా మనసులో ఉంది. సిలబస్‌లో నీతి గురించి చెప్పిన తత్వవేత్తలు కాంట్ ఉన్నాడు, మిల్ ఉన్నాడు, యాడ్ టార్గెట్ లేదు. తరువాతి వారం ఆ ప్రశ్ననే, నైతిక నిర్ణయాలకు వాడే నాలుగు గడుల పాటర్ బాక్స్‌లో పెట్టాం. ముందు వాస్తవాలు, ఆపైన విలువలు, సూత్రాలు, చివరికి ఎవరికి విధేయత. విధేయత గడి దగ్గర పిల్లలు చాలాసేపు ఆగారు. పాఠకుడికా, పత్రికకా, సర్పంచికా, ఇంట్లో పిల్లలకా? పత్రికా ఉద్యోగుల జీతాల మీద మజీఠియా వేతన సంఘం సిఫార్సులను 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది, కానీ అచ్చయిన పంక్తుల లెక్కన డబ్బు ఇచ్చే లైన్ అకౌంట్ మీద బతికే మండల కంట్రిబ్యూటర్ ఇంటిదాకా ఆ వేతనాలు చేరలేదు. జీతం ఇవ్వని చోట నీతి భారమంతా అట్టడుగున ఉన్నవాడి నెత్తిన పెట్టడం అన్యాయమని నేను సూటిగా చెప్పాను. అలాగే, ఏ రోజు ఎవరి దగ్గర యాడ్ తీసుకున్నాడో డెస్క్‌కు ముందే చెప్పేస్తే, ఆ ఊరి వార్త వేరేవాళ్లతో రాయించే వీలుంటుందని కూడా చెప్పాను. అది పూర్తి పరిష్కారం కాదు, చేయగలిగిన పని మాత్రమే. ఆ కుర్రాడు ఆ మాట తండ్రికి చెప్పాడట. ఆయన, "మా డెస్క్‌లో ఫోన్ ఎత్తితే కదా" అన్నాడట.

ఇక జీతం. జనవరి, ఫిబ్రవరి బిల్లులు జూన్ ఆఖర్లో పడ్డాయి. మార్చి, ఏప్రిల్‌వి ఆగస్టులో. క్లాసు తీసుకున్న ప్రతిసారీ రిజిస్టర్‌లో సంతకం, శాఖాధిపతి సంతకం, నెలాఖరుకు బిల్లు, అక్కడి నుంచి ఆడిట్. ఒక తేదీ తేడా వస్తే బిల్లంతా వెనక్కి వస్తుంది. నేను ప్రతి క్లాసు తరువాత రిజిస్టర్ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకునేదాన్ని, మార్చి బిల్లు ఆగినప్పుడు అదే ఆదుకుంది. మీరు కూడా తీసుకోండి. పక్క శాఖలో పన్నెండేళ్లుగా పార్ట్ టైమ్‌లో ఉన్న ఒక సారు, "మొదటి బిల్లుకే ఇంత కంగారు పడితే ఎట్లమ్మా" అంటూ తన టిఫిన్ డబ్బాలోది సగం నా ప్లేటులో పెట్టారు. ఆయనకు పీహెచ్‌డీ ఉంది, పుస్తకాలున్నాయి, అయినా ఆయన గంట రేటు కూడా నాదే. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పరిశోధన పత్రాల సంగతి చెప్పాలి. జిల్లా పేజీల్లో బాలల వివరాల వెల్లడి మీద ఒక పత్రం రాసి, యూజీసీ ఆమోదించిన పరిశోధన పత్రికల జాబితా, అంటే కేర్ జాబితాలో ఉన్న పత్రికకు పంపుదామని జనవరి నుంచి కూర్చున్నాను. ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఎత్తేసింది. ఈలోగా వాట్సాప్‌లో సందేశాలు మొదలయ్యాయి. 2,500 కడితే వారంలో ప్రచురణ, సర్టిఫికెట్ ఉచితం, ఇంకో వెయ్యి ఇస్తే రాసిపెట్టడం కూడా వాళ్లే. డబ్బు తీసుకుని వార్త వేయడాన్ని తప్పని క్లాసులో చెప్పి, సాయంత్రం డబ్బు కట్టి పరిశోధన వేయించుకోవడం ఎలా కుదురుతుంది? ఇద్దరు తోటివాళ్లు "అందరూ చేసేదే కదా" అన్నారు. ఎన్నికలప్పుడు పత్రికలో విన్న మాట కూడా సరిగ్గా ఇదే. నేను కట్టలేదు. నా పత్రం ఒక్క రూపాయి తీసుకోని పరిశోధన పత్రికలో ఎనిమిది నెలలుగా సమీక్షలో ఉంది. పట్టికలో పరిశోధన పత్రాల కింద నా ఖాతా ఇంకా సున్నానే.

పీహెచ్‌డీ ప్రకటన ఏప్రిల్‌లో పడింది, ఇంటర్వ్యూ జూన్‌లో జరిగింది. నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30. ఇంటర్వ్యూ బాగా చేశాను. అసలు అడ్డు గైడ్ దగ్గర వచ్చింది. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. శాశ్వత అధ్యాపకులే తక్కువైన శాఖలో ఖాళీ ఎలా ఉంటుంది? జూలై, ఆగస్టు రెండు నెలలూ జాబితా రాలేదు. అక్టోబరు 17 దాటితే నా నెట్ మార్కులు చెల్లవు, మళ్లీ పరీక్ష రాయాల్సిందే. ఆ రెండు నెలల్లో నిద్ర సరిగా పోలేదు. సెప్టెంబరు మూడో వారంలో ఒక స్కాలర్ థీసిస్ సమర్పించడంతో ఖాళీ అయిన చోటు నాకిచ్చారు. ఫీజులన్నీ కలిపి ఇరవై రెండు వేలు. మైగ్రేషన్ సర్టిఫికెట్ అసలుది అడిగారు, దూరవిద్య వాళ్ల దగ్గర నుంచి తెప్పించడానికి పదిరోజులు పట్టింది, అదీ ముందే తెచ్చిపెట్టుకోవాల్సింది.

ఇప్పుడు కోర్స్‌వర్క్ నడుస్తోంది. అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి పేపరు. సోమవారం క్లాసులో ఎథిక్స్ చెబుతాను, శనివారం ఎథిక్స్ వింటాను. నా అంశం తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో పోక్సో కేసుల వార్తలు. ఆ కత్తిరింపులను థీసిస్‌లో చూపిస్తే పాపల వివరాలు రెండోసారి బయటపెట్టినట్టవుతుంది, చూపించకపోతే ఆధారం ఏదంటారు. థీసిస్ చివరికి పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది కూడా. ఊళ్లు, తేదీలు, పత్రికల పేర్లు తీసేసి, అసలు కత్తిరింపులు గైడ్ దగ్గర సీలు వేసి ఉంచే పద్ధతి ఒకటి రాసి ఇచ్చాను. ఎథిక్స్ కమిటీ డిసెంబరులో కూర్చుంటుందట.

రావాలా వద్దా అని అడుగుతున్న మిత్రులకు నా మాట ఇది. ఏడాది ఇంటిఖర్చు చేతిలో ఉంటే రండి, లేకపోతే ఉద్యోగం చేస్తూనే నెట్ రాసిపెట్టుకోండి, ఆ అర్హత ఎక్కడికీ పోదు. పత్రికలో ఉన్నప్పుడే అనుభవ ధ్రువపత్రంలో మీరు చూసిన పేజీలు, చేసిన పని వివరంగా రాయించుకోండి, బయటికొచ్చాక ఒక్క వాక్యం చేర్చడానికి కూడా నెలలు తిప్పుతారు. మంచి కాపీలు, తీసేసిన కాపీలు, ఎందుకు తీశారో రాసుకున్న నోట్సు దాచుకోండి. ఎథిక్స్ చెప్పేవాళ్లకు వాటికి మించిన పాఠ్యపుస్తకం నాకింకా దొరకలేదు. ఈ సెమిస్టర్‌కు నాకు వారానికి పది గంటలు ఇచ్చారు, సెప్టెంబరు బిల్లు ఆడిట్‌లో ఉంది.